తగినంత వైరం లేదు

మాణిక్యాంబలో ఉన్న లోపం ఒక్కటే. తన ఇంట్లో అద్దెకున్నవాళ్ళతో ఆవిడ మంచిగా ఉండేది. కాలవగట్టు వీధిలో ఇన్నేళ్ళూ ఈ లోపాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అద్దె అభయ పథకం వచ్చి, ఆ పథకానికో కార్యాలయం వచ్చి, ఆ కార్యాలయానికి వామనమూర్తి అనే క్షేత్రాధికారి వచ్చాకే అది ఎంత పెద్ద లోపమో బయటపడింది.

ఆవిడది రెండు వాటాల ఇల్లు. వెనక వాటాలో తనుంటుంది. ముందు వాటాని ఆవిడ భర్త బ్యాంకు అప్పు తీసుకుని కట్టించి, "దీని మీద వచ్చే అద్దెతో అప్పు తీర్చుకో, అప్పు తీరాక దర్జాగా బతుకు" అని చెప్పి, తన వంతు పని అయిపోయినట్టు కన్నుమూశాడు. ఆ వాటాలో వీర్రాజు, అతని భార్య నూకరత్నం, ఇద్దరు ఆడపిల్లలు ఉంటున్నారు. వీర్రాజుకి శుభలేఖలు అచ్చువేసే చిన్న ప్రెస్సు ఉంది. ఊళ్ళో పెళ్ళిళ్ళు తగ్గలేదుగాని శుభలేఖలు తగ్గిపోయాయి. జనం ఫోన్లోనే పిలుచుకుని, ఫోన్లోనే అక్షింతలు వేసి, భోజనానికి మాత్రం స్వయంగా వస్తున్నారు. ప్రెస్సు ఆగిపోవడంతో అద్దె ఆగిపోయింది. అద్దె ఆగిపోవడంతో బ్యాంకు వాయిదా ఆగిపోయింది. బ్యాంకువాళ్ళు మాత్రం ఆగలేదు. బాకీ కట్టకపోతే ఇల్లు వేలం వేస్తామని తాఖీదు పంపారు.

ఇలాంటప్పుడు ఇంకో ఇంటావిడైతే సామాన్లు వీధిలో పెట్టించి ఉండేది. మాణిక్యాంబ గిన్నెడు ముక్కల పులుసు పట్టుకెళ్ళి, "ఏం చేద్దామే నూకరత్నం" అని అడిగింది.

"మీరు ఎళ్ళమంటే ఎళ్ళిపోతామండి పిన్నిగారూ. ఎక్కడికంటే తెలీదుగాని, ఎళ్ళిపోతామండి."

"వెళ్ళమని ఎవరన్నారు? పిల్లల్ని ఎక్కడ పడుకోబెడతావు, కాగితాల కట్టల మీదా? ఏదో దారి చూద్దామంటున్నాను."

దారి పేపర్లో కనబడింది. అద్దె కట్టలేక ఇల్లు ఖాళీ చేయాల్సివచ్చిన వాళ్ళ బాకీని ప్రభుత్వమే నేరుగా యజమానికి కట్టేస్తుందట. సొమ్ము ముట్టిన యజమాని ఆ పైన వాళ్ళని ఖాళీ చేయమనకూడదట. ఉన్నవాళ్ళు రోడ్డున పడరు, ఇల్లున్నవాళ్ళు అప్పులపాలవరు. ప్రభుత్వానికి ఇంత తెలివైన ఆలోచన ఎలా వచ్చిందా అని మాణిక్యాంబకి అప్పుడే అనుమానం రావలసింది. రాలేదు.

ఇద్దరూ ఉతికిన చీరలు కట్టుకుని కార్యాలయానికి వెళ్ళారు. వామనమూర్తి ఇస్త్రీ మడత నలగని మనిషి. మాట్లాడితే ఉత్తర్వు చదువుతున్నట్టు ఉంటుంది. పక్కనే సూరిబాబు అనే గుమాస్తా ఫొటోలు తీయడానికి ఫోను పట్టుకుని కూర్చున్నాడు.

"సదరు అద్దెదారుని సదరు గృహము నుండి తొలగించు విషయమై మీరు ఏ దశలో ఉన్నారు?" అని అడిగాడు వామనమూర్తి.

"ఏ దశలోనూ లేనండి. తొలగించడం ఇష్టంలేకే మీ దగ్గరికి వచ్చాను" అంది మాణిక్యాంబ.

ఆయన కలానికి మూత పెట్టేశాడు. "అయినచో అర్హత లేదు. ఈ పథకం తొలగింపు ప్రమాదంలో ఉన్నవారికి ఉద్దేశించబడినది. వీరికి అట్టి ప్రమాదం లేదు. ప్రమాదం లేనివారికి సహాయం చేయుట నిధుల దుర్వినియోగం."

"అంటే, నేను వీళ్ళని బయటికి గెంటితేనే, గెంటకుండా మీరు నన్ను ఆపుతారన్నమాట."

"పథకం ఆత్మను మీరు చక్కగా గ్రహించారు" అని వామనమూర్తి సంతోషించాడు. తర్వాత గొంతు తగ్గించి, సొంత మనిషితో చెప్పినట్టు చెప్పాడు. "అన్యథా భావించకండమ్మా. మీ మంచితనం మూలంగా ఒక పేద కుటుంబం ప్రభుత్వ సహాయానికి దూరమవుతున్నది. ఇంటికి వెళ్ళి ఆలోచించుకోండి."

ఒకరికి అపకారం చేసిందన్న మాట మాణిక్యాంబ అంతకుముందు ఎప్పుడూ పడలేదు. తలొంచుకుని బయటికి వచ్చింది.

ముందుగా కావలసింది ఖాళీ చేయమనే నోటీసు. దాన్ని ఇంకో ప్రెస్సులో వేయిద్దామంటే డబ్బుల్లేవు. అందుకని వీర్రాజు తన మీద నోటీసు తనే అచ్చువేసుకున్నాడు. బంగారు అంచున్న శుభలేఖ అట్టలు మిగిలి ఉంటే వాటినే వాడాడు. చేతికి అలవాటైన పని కదా, పైన వినాయకుడి బొమ్మ పడిపోయింది, దాని కింద శ్రీరస్తు శుభమస్తు పడిపోయింది. ఆ కింద, చిరంజీవి వీర్రాజునూ చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి నూకరత్నాన్నీ ముందు వాటా నుంచి ఖాళీ చేయించడానికి దైవజ్ఞులు నిశ్చయించారనీ, కావున తామెల్లరూ విచ్చేసి చందన తాంబూలాదులు స్వీకరించవలసిందనీ వచ్చింది. ఆరబెట్టిన నోటీసుకి నూకరత్నం నాలుగు మూలలా పసుపు రాసి మరీ ఇచ్చింది.

వామనమూర్తి దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని వెలుతురులో తిప్పి చూశాడు.

"నోటీసునకు పసుపు పెట్టితిరి."

"పెట్టకపోతే ఎలాగండి" అంది నూకరత్నం. "తెల్లగా ఇస్తే పెద్దకార్యం పిలుపనుకుంటారండి. పిల్లలున్న కొంపండి మాది."

"తొలగింపు నోటీసు అశుభముగానే ఉండవలెను. ఇందులో క్షోభ లేదు. విరోధం లేదు. పైపెచ్చు తాంబూలం ఉన్నది." కాగితం మీద ఎర్ర సిరాతో 'తగినంత వైరం లేదు' అని రాసి తిప్పి ఇచ్చేశాడు. సామాన్లు వీధిలో పెట్టించి, యజమానికీ అద్దెదారుకీ మధ్య వైరం తన కళ్ళకి కనబడితేనే ఫైలు కదులుతుందన్నాడు.

వీధిన పడటానికి మంచి రోజు చూసిపెట్టమని నూకరత్నం పురోహితుడి దగ్గరికి వెళ్ళింది. గృహప్రవేశానికుందిగాని గృహనిష్క్రమణకి పంచాంగంలో గడి లేదన్నాడాయన. చివరికి ప్రయాణ ముహూర్తంతో సర్దుకున్నారు. సామాన్లు దించే ముందు నూకరత్నం పిన్నిగారికి తిట్లు నేర్పింది.

"నీ మొహం మండా అనండి."

"ఎందుకే పాపం. నిన్ననే జ్వరం తగ్గింది నీకు."

"పోనీ, నీ ఇల్లు కూలా అనండి."

"ఇల్లు నాదే కదే."

అనుకున్న వేళకి వామనమూర్తి, సూరిబాబు వచ్చి ఎదురింటి అరుగు మీద నిలబడ్డారు. మంచాలు, బిందెలు, కుట్టుమిషను వీధిలోకి వచ్చాయి. మాణిక్యాంబ నడుం మీద చెయ్యి వేసుకుని, "అద్దె కట్టరు, సద్దె కట్టరు, నా ఇల్లు ఏమన్నా సత్రం అనుకున్నారా" అని బాగానే అందుకుంది. ఇంతలో వీర్రాజు బీరువా ఎత్తాడు. "ఒరే వీర్రాజూ, ఒక్కడివీ ఎత్తకు, నడుం పట్టేస్తుంది. ఆ అద్దం జాగ్రత్త" అని అదే గొంతుతో అరిచింది.

"తిట్టునందు ఆప్యాయత ధ్వనించుచున్నది" అని వామనమూర్తి రాసుకున్నాడు.

అంతటితో పోయినా బాగుండేది. వంట సామాన్ల బుట్టలో సూరిబాబుకి ఒక స్టీలు గిన్నె దొరికింది. అందులో గోంగూర పచ్చడి ఉంది. గిన్నె అంచు మీద చుక్కల అక్షరాలతో మాణిక్యాంబ పేరు, ఆవిడ భర్త పేరు, వాళ్ళు సత్యనారాయణ వ్రతం చేసుకున్న తేదీ చెక్కి ఉన్నాయి.

"యజమానురాలి గిన్నె అద్దెదారు వద్ద ఎట్లు ఉన్నది?"

"అది ఆవిడిదేనండి. ఖాళీ గిన్నె తిరిగియ్యకూడదని పచ్చడేసి ఉంచానండి."

"అనగా ఇరువురి మధ్య ఇచ్చిపుచ్చుకొనుట జరుగుచున్నది. ఇది కుమ్మక్కు." దరఖాస్తు మళ్ళీ వెనక్కి వచ్చింది. సామాన్లు మళ్ళీ లోపలికి వెళ్ళాయి.

ఇలాంటి ఇంటివాళ్ళు ఊళ్ళో ఇంకా చాలామంది ఉన్నారని తేలింది. సాయం అందనిది వాళ్ళ ఇళ్ళలో ఉన్నవాళ్ళకే. బాకీ పడ్డవాళ్ళని ఓర్చుకునేవాళ్ళకి పథకం వర్తించదు, ఓర్చుకోనివాళ్ళకి వర్తిస్తుంది. దీన్ని లోపం అన్నాడు వామనమూర్తి, పథకంలో కాదు, ఇంటివాళ్ళలో. ఆ లోపం సరిదిద్దడానికి టౌను హాల్లో వైర సామర్థ్య వికాస శిబిరం పెట్టారు. వేదిక మీద బ్యానరు, పూలగుత్తి, మైకు. కింద కుర్చీల్లో ఊళ్ళో ఉన్న మెత్తటి మనుషులందరూ పులిహోర పొట్లాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"మిత్రులారా, వైర సూచికలో మన పట్టణం అట్టడుగున ఉన్నది" అని వామనమూర్తి ఆవేదన చెందాడు. "పొరుగు పట్టణంలో యజమానులు వారానికొకరిని వీధిన పడవేయుచున్నారు. నిధులన్నీ వారికే తరలిపోవుచున్నవి. మన పేదలకు అన్యాయం చేయుచున్నది మనమే. ఈ పరిస్థితి మారవలెను."

తర్వాత శిక్షకుడిగా కోదండపాణిని పిలిచారు. మెరక వీధిలో మూడంతస్తుల మేడ ఆయనది. ఆ మేడలో ఏ కుటుంబమూ వరసగా రెండు ఉగాదులు చేసుకున్న దాఖలా లేదు. ఊళ్ళో అందరూ ఆయన్ని చూసి పక్కకి తప్పుకునేవాళ్ళు. ఇప్పుడు పథకానికి అత్యధిక లబ్ధిదారులను అందించిన ఆదర్శ యజమాని అని శాలువా కప్పి, జ్ఞాపిక ఇచ్చి, చప్పట్లు కొట్టారు.

రిటైరైన లెక్కల మాస్టారొకాయన లేచి, "అయ్యా, నాకు కోపం రాదండి. ఏం చేయమంటారు?" అని అడిగాడు.

కోదండపాణి చిరునవ్వు నవ్వాడు. "కోపం దేనికండి మాస్టారూ. తిట్టారంటే అవతలివాణ్ణి ఇంకా మనిషి కింద లెక్కేస్తున్నట్టేనండి. నేను ఎవర్నీ తిట్టను, కావలిస్తే అడగండి. ముందు ఆళ్ళ పేరు మర్చిపోవాలి. ఆళ్ళ బిందె చూసి, ఇది నా గచ్చు మీద ఎందుకుందీ అనుకోవాలి. నీళ్ళ మోటారు కట్టేయాలి. మొహం వంక చూడకూడదు. అంతేనండి, మిగతా పని దానంతటదే అయిపోద్ది."

హాలంతా నిశ్శబ్దంగా రాసుకుంది. మాణిక్యాంబ రాసుకోలేదు. ఆవిడకి ఒకసారి వింటే చాలు.

శిబిరం వల్ల వెంటనే బాగుపడ్డవాడు వీర్రాజు. ఇంటికెళ్ళిన ప్రతివాళ్ళకీ నోటీసు కావలసి వచ్చింది. బొమ్మ లేకుండా, పసుపు లేకుండా, నల్ల అంచుతో అచ్చువేస్తే వామనమూర్తి ఆ నమూనానే ప్రామాణికమని ఆమోదించాడు. మూతపడ్డ ప్రెస్సు మెల్లిగా తిరగడం మొదలెట్టింది. కాని చేసిన పనికి డబ్బులు ఇంకా చేతికి రాలేదు. బ్యాంకువాళ్ళు మళ్ళీ కబురుపెట్టారు. రెండోసారి సామాన్లు దించక తప్పలేదు.

ఈసారి మాణిక్యాంబ నోరు మెదపలేదు. మోటారు కట్టేసి, గుమ్మంలో నిలబడి, వీధి చివర చింతపండు బండి వైపు చూస్తూ ఉండిపోయింది. మంచాలు ఆవిడ పక్కనుంచి వెళ్ళాయి. బిందెలు వెళ్ళాయి. ఆవిడ కళ్ళు కదల్లేదు. నూకరత్నం రెండో పిల్ల పావని, ఇది పోయినసారి ఆడిన ఆటే అనుకుని, నవ్వుతూ వచ్చి చీర కుచ్చిళ్ళు పట్టుకుంది.

"అమ్మమ్మా, నా బొమ్మ లోపల ఉండిపోయింది."

మాణిక్యాంబ ఆ చెయ్యి విడదీసింది. "ఎవరమ్మా ఈ పిల్ల? దారికడ్డం లేకుండా తీసుకెళ్ళండి."

పిల్ల నవ్వు ఆగిపోయింది. ఒక్క క్షణం చూసి బిక్కమొహం వేసుకుని ఏడ్చింది. ఇదంతా తనూ కలిసి ఆడుతున్న నాటకమని తెలిసి కూడా నూకరత్నం కొంగుతో కళ్ళు ఒత్తుకుని, పిన్నిగారి వంక చూడకుండా పిల్లనెత్తుకుని వెళ్ళిపోయింది. సూరిబాబు ఫొటో తీశాడు. "సంతృప్తికరం. చాలా పురోగతి సాధించారు" అని వామనమూర్తి చెయ్యి కలపబోయాడు. మాణిక్యాంబ లోపలికెళ్ళి తలుపేసుకుంది. ఆ పూట వండిన అన్నం గిన్నెలోనే ఉండిపోయింది.

ఫైలు తేలేదాకా వాళ్ళు తిరిగి ఇంట్లోకి రాకూడదు, వస్తే తొలగింపు రద్దయిపోతుంది. కాబట్టి పిల్లలతో సహా ప్రెస్సు షెడ్డులో, కాగితాల కట్టల మధ్య చాపలేసుకున్నారు. కొన్నాళ్ళకి ఫైలు వచ్చింది. వామనమూర్తి దాన్ని చదివి వినిపించాడు.

"సదరు అద్దెదారు సదరు గృహమందు నివసించుటలేదు. నివసించని గృహమునకు అద్దె చెల్లించుట నిబంధనలకు విరుద్ధం. తిరస్కరించడమైనది."

"నివసించకుండా చేయమంది మీరే కదండీ" అంది మాణిక్యాంబ.

"మేము మిమ్ములను ప్రోత్సహించితిమి. చేసినది మీరు." ఆయన ఫైలు మూసి, కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "అయినను విచారించకండి. ఇప్పుడు మీ ముందు వాటా ఖాళీగా ఉన్నది. తొలగింపులు పెరుగుట వలన మా ఫైళ్ళకు చోటు చాలుటలేదు. మీ వాటాలో తొలగింపు నివారణ ఉపకేంద్రం ఏర్పాటు చేయుటకు మాకు అభ్యంతరం లేదు. ప్రభుత్వ అద్దె."

ప్రభుత్వం అద్దెకొస్తోందని విని బ్యాంకువాళ్ళు కూడా మెత్తబడి గడువిచ్చారు. నూకరత్నం పిల్లలు పడుకునే గదిలో బీరువాలు వచ్చాయి. పావని బొమ్మలు పెట్టుకునే గూట్లో వామనమూర్తి భోజనం క్యారేజీ వచ్చింది. వీధి గుమ్మం మీద బోర్డు వచ్చింది. అద్దె మాత్రం రాలేదు.

"బడ్జెటు విడుదల కావలెను" అన్నాడు వామనమూర్తి మొదటి నెల.

"విడుదల అయినది, కేటాయింపు కావలెను" అన్నాడు రెండో నెల.

మూడో నెల మాణిక్యాంబ అడిగితే, ఆయన మొహం కందగడ్డలా పెట్టుకున్నాడు. "ప్రభుత్వం ఎగవేయదమ్మా. ఆలస్యం చేస్తుంది, అంతే. సామాన్య అద్దెదారులను అడిగినట్టు మమ్మల్ని అడగరాదు."

బ్యాంకు గడువు అయిపోయింది. ఈసారి తాఖీదులో వేలం తేదీ కూడా వేశారు. అదే వారం వీర్రాజు, నూకరత్నం వచ్చి పెరటి గుమ్మంలో నిలబడ్డారు. వీర్రాజు చొక్కా నిండా సిరా మరకలు.

"పని బాగుందండి పిన్నిగారూ" అన్నాడు. "ఊళ్ళో సగం కొంపల నోటీసులు నాయేనండి. బాకీలన్నీ వసూలయ్యాయి. మీ పాత బాకీ కట్టేస్తానండి, మీరు బ్యాంకోళ్ళకి కట్టేసుకోండి. మాకు వాటా ఇప్పించండి చాలు. పిల్లలకి కాగితం దుమ్ముతో దగ్గు తగ్గట్లేదండి."

మాణిక్యాంబ డబ్బు వంక చూడలేదు, నూకరత్నం వంక చూసింది. ఆ రోజు తర్వాత ఇద్దరూ సరిగా మాట్లాడుకోలేదు. "పావని నన్ను తిట్టుకుంటోందా?" అని అడిగింది.

"తిట్టుకోవట్లేదండి. అమ్మమ్మకి మతిమరుపొచ్చింది, నా పేరు మర్చిపోయింది అంటందండి."

మాణిక్యాంబ కొంగు నడుముకి దోపుకుంది. తర్వాత, "వీర్రాజూ, నీ ప్రెస్సులో కాగితాల బేళ్ళు మోసేవాళ్ళు ఎంతమంది ఉంటారు?" అని అడిగింది.

మర్నాడు వామనమూర్తి, సూరిబాబు వచ్చేసరికి ఉపకేంద్రంలో పంపు రావడం లేదు. ఫ్యాను తిరగడం లేదు. నలుగురు మనుషులు ఆయన బీరువాని మెట్ల మీంచి దించుతున్నారు. బల్ల అప్పటికే వీధిలో ఉంది. వైర సూచిక పటం గోడకి ఆనించి ఉంది.

"ఏమిటిది? మాణిక్యాంబగారూ, ఇది ప్రభుత్వ కార్యాలయం."

మాణిక్యాంబ గుమ్మంలో నిలబడి వీధి చివరికి చూస్తోంది. ఆయన కింద పెట్టిన భోజనం క్యారేజీ కనబడితే, "ఇది నా గచ్చు మీద ఎందుకుంది?" అని ఎవరినో అడిగింది. ఒక మనిషి దాన్ని తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాడు.

"అమ్మా, నేను. వామనమూర్తిని."

"ఎవరు బాబూ మీరు?"

గొంతులో కోపం లేదు. వామనమూర్తి వీధిలోకి దిగి తన కుర్చీలో తనే కూర్చున్నాడు. చుట్టూ ఫైళ్ళు, బీరువాలు. పాల ప్యాకెట్లవాడు సైకిలాపి వింత చూస్తున్నాడు. కాసేపటికి ఆయన మొహంలో మెల్లిగా వెలుగొచ్చింది. ఎంతైనా పథకం అంతా తెలిసిన మనిషి.

"సూరిబాబూ" అన్నాడు. "ఇంతటి నిష్కళంకమైన తొలగింపు నా సర్వీసులో చూడలేదు. మనం పూర్తి అర్హులం. బాకీ అద్దె మన పథకం నుండే మనం మంజూరు చేసుకోవచ్చును. సొమ్ము ముట్టినచో ఈమె మనలను ఖాళీ చేయించరాదు. మళ్ళీ లోపల ప్రవేశింతుము. ఫోను తీయి. యజమానురాలు, సామాను, నేను, ముగ్గురమూ ఒకే ఫొటోలో పడవలెను."

సూరిబాబు వెనక్కి నడిచి ఫోను ఎత్తాడు. వామనమూర్తి నిరాశ్రయుడిలా భుజాలు వాల్చాడు.

మాణిక్యాంబ అంతా విన్నది. లోపలికెళ్ళింది. వచ్చేటప్పుడు చేతిలో పొగలుకక్కే ఇత్తడి గ్లాసు ఉంది. మెట్లు దిగి, బల్ల మీద దుమ్ము కొంగుతో తుడిచి, నోరారా నవ్వింది.

"అయ్యో, ఎండలో కూర్చున్నారేం వామనమూర్తిగారూ. పొద్దున్నే ఏమన్నా తిన్నారో లేదో. మా ఇంట్లో ఇన్నాళ్ళున్నారు, సొంత తమ్ముడిలాంటివారు. తీసుకోండి బాబూ, చల్లారిపోతుంది."

ఫిల్టరు కాఫీ వాసన. వామనమూర్తి చెయ్యి దానంతటదే ముందుకు వెళ్ళింది. సరిగ్గా గ్లాసు పెదవులకి ఆనించేసరికి సూరిబాబు ఫోను టిక్కుమంది.

సూరిబాబు ఫొటో పెద్దది చేసి చూశాడు. "సార్, కాఫీ తాగుతున్నారండి. ఆవిడ నవ్వుతున్నారండి. మీరూ కొంచెం నవ్వారండి."

"తీసివేయి. మళ్ళీ తీయి."

"ఫొటో తీయగానే నేరుగా కేంద్ర కార్యాలయానికి ఎళ్ళిపోద్దండి సార్. మీరే పెట్టించారు కదండి, ఎవరూ మోసం చేయకూడదని."

వీధి మొదట్లో రిక్షా బండి మలుపు తిరిగింది. మంచాలు, బిందెలు, కుట్టుమిషను. ముందు పావని పాల గిన్నె రెండు చేతులతో పట్టుకుని నడుస్తోంది. వెనకాల నూకరత్నం, "ఒలకబొయ్యకే, గుమ్మం దాటాక పొంగించాలి" అంటూ వస్తోంది. బీరువాలు మోసిన మనుషులు పక్కకి తప్పుకుని దారిచ్చారు.

"పావనీ, జాగ్రత్తమ్మా, ఆ మెట్టు విరిగుంది" అంది మాణిక్యాంబ. తర్వాత వామనమూర్తి వైపు తిరిగింది. ఆయన గ్లాసు కింద పెట్టనూ లేడు, తాగనూ లేడు.

"తాగండి బాబూ" అంది. "పంచదార సరిపోయిందా?"